పిల్లలు, పిల్లులు కింద పడకుండా బాల్కనీకి వల మేలా, ఇన్విజిబుల్ గ్రిల్ మేలా?

నైలాన్ వల తక్కువ ఖర్చులో అయిపోతుంది, ఒక్క పూటలో బిగించేస్తారు. అద్దె ఇంటికి అదే నయం. ఇన్విజిబుల్ గ్రిల్ అంటే 2–3 మిల్లీమీటర్ల స్టీల్ తీగలను అల్యూమినియం పట్టీల మధ్య నిలువుగా లాగి బిగించడం. ఖర్చు ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది.

వలకు అసలు శత్రువు ఎండ. పైకి బాగానే కనిపిస్తుంది; దారాన్ని వేళ్లతో నలిపితే పొడి రాలుతుంది, గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. ఆ దశకు వచ్చిందంటే మార్చేయాల్సిందే. కొక్కేలు తుప్పు పట్టాయా, గోడలో కదులుతున్నాయా అన్నదీ చూసుకోవాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో టెన్షన్: కొరికి కొరికి కన్నం చేస్తుంది.

స్టీల్ తీగ దగ్గర పిల్లి ఆటలు సాగవు. అక్కడ చూడాల్సింది తీగల మధ్య సందు. గట్టి రెయిలింగుకు 10 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలంటారు గానీ, తీగ సాగుతుంది కాబట్టి అందులో సగమే మేలు. పిల్లికూనకు ఆ సగం కూడా ఎక్కువే. తీగలు నిలువుగా ఉంటే పిల్లలకు కాలు ఆనించే చోటు దొరకదు; అడ్డంగా కడితే చేజేతులా నిచ్చెన వేసినట్టే.

చంటిపిల్లలుంటే నా ఓటు గ్రిల్‌కే. పిల్లికూన ఉంటే చిన్న కన్నుల వల. కిటికీకి దోమతెర ఉందిగా అనుకోకండి, అది దోమల్నే ఆపుతుంది. ఏది పెట్టించినా రెయిలింగ్ పక్కన కుర్చీ, పూలకుండీ ఉంచొద్దు.