అనంతపురంలో ఎయిర్ హోస్టెస్ కోర్సు: కట్టిన ఫీజుకు దక్కిందేమిటి?

నా ఇంటర్ పూర్తయిన ఏడాది, చెనిక్కాయలు అమ్మిన డబ్బులోంచి మా నాన్న లక్షా పది వేలు కట్టి నన్ను అనంతపురంలోని ఒక ఎయిర్ హోస్టెస్ శిక్షణ కేంద్రంలో చేర్పించారు. ఆ ఆరు నెలల కోర్సు ముగించి, నాలుగేళ్లుగా ఒక విమానయాన సంస్థలో క్యాబిన్ సిబ్బందిగా పనిచేస్తున్నాను కనుక, ఏది దక్కిందో ఏది దక్కలేదో ఇప్పుడు లెక్క చెప్పగలను.

ఇంగ్లిష్ నేర్పిన మేడం గారికి మాత్రం రుణపడి ఉన్నాను. తెలుగు మీడియంలో చదివిన నాలాంటి వాళ్లను రోజూ ఒక్కొక్కరిగా నిలబెట్టి, తప్పులు దొర్లినా మధ్యలో ఆపకుండా చివరిదాకా విని, ఆ తర్వాతే దిద్దేవారు. బెంగళూరులో ఇంటర్వ్యూ రోజున నాకు నోరు పెగిలిందంటే ఆ అలవాటు వల్లే. మేకప్, జడ ముడి, నడక తరగతులు కూడా బాగానే జరిగాయి. కాకపోతే ఆరు నెలల్లో సగం వాటికే పోయింది.

అసలు లోపం అక్కడే ఉంది. ఈ ఉద్యోగంలో ట్రేలు అందించడం చిన్న భాగం. యాభై సీట్లకు కనీసం ఒక్కరు చొప్పున సిబ్బంది ఉండాలన్న నిబంధన ప్రయాణికుల భద్రత కోసం పెట్టినది. సగం తలుపులే పనిచేసినా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాకే ప్రయాణికుల జెట్ విమానానికి అనుమతి దొరుకుతుందని, అలా జనాన్ని దింపవలసింది మేమేనని ఆ కేంద్రంలో ఒక్కనాడూ వినలేదు. తలుపు తెరవడం, మంటలు ఆర్పడం, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం వంటివన్నీ ఎంపికయ్యాక సంస్థే నేర్పింది. దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం జరిగే శిక్షణ అదే. ఈ ఉద్యోగానికి కావలసినది 18 ఏళ్ల వయసు, ఇంటర్ ఉత్తీర్ణత, సంస్థ కోరే ఎత్తు, ఆరోగ్యం. ఈ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఇంటర్వ్యూలో నన్ను ఎవరూ అడగనే లేదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినది మరొకటి. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి చిన్నప్పుడు జాతరలో వాళ్ల అవ్వ పొడిపించిన పచ్చబొట్టు ముంజేతి మీద ఉంది. యూనిఫాంలో కనబడే పచ్చబొట్టు ఉంటే విమానయాన సంస్థలు సాధారణంగా తీసుకోవు. చేర్చుకునేటప్పుడు ఈ మాట చెప్పకుండా ఫీజంతా కట్టించుకొని, ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందు పౌడరు పూసుకొమ్మని సలహా ఇచ్చారు. అక్కడ ఐదు నిమిషాల్లోనే ఆమెను తిప్పి పంపారు. ఫీజు ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు.

ఉద్యోగంలో ఎలా నెగ్గుకురావాలో కూడా అక్కడ ఎవరూ చెప్పలేదు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం వచ్చింది కదా, ఊరికి దగ్గర్లోనే ఉండొచ్చని మా అమ్మ ఆశపడింది. కానీ సిబ్బందిని ఉంచేది పెద్ద నగరాల్లోనే కనుక నేను బెంగళూరులో గది తీసుకోవలసి వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ ఉంటే సాయంత్రం ఏడింటికే పడుకోవాలి, పక్క గదిలో టీవీ మోగుతున్నా సరే. విమానంలోని గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, తేమ బాగా తక్కువ. నీళ్లు తాగకపోతే తలనొప్పి తప్పదు. జలుబుతో ఎక్కితే దిగేటప్పుడు చెవులు పగిలిపోతాయా అనిపిస్తుంది. మొదటి ఏడాది భయపడి ఆ సంగతి దాచేదాన్ని. ఇప్పుడు డ్యూటీకి రాలేనని ముందే చెప్పేస్తున్నాను. ఎగిరిన గంటలను బట్టి వచ్చే భత్యం తగ్గుతుందని తెలిసినా చెప్పక తప్పదు. నాలుగేళ్లలో సంక్రాంతికి ఇంట్లో ఉన్నది ఒక్కసారే.

ఇంగ్లిష్ తడబాటు పోవడమే మీకు కావాలంటే ఈ కేంద్రం పనికొస్తుంది, కానీ దానికి లక్ష ఎక్కువ. చేరేవాళ్లు ముందుగా రసీదు వెనక వైపు చదవండి: బయట ఫ్లెక్సీలో ఉన్న నూరు శాతం ఉద్యోగ హామీ అక్కడ ఉద్యోగ సహాయంగా మారిపోయి ఉంటుంది. ఆ ఫ్లెక్సీలో నా ఫోటో కూడా ఉంది. ఇంటర్వ్యూకు నేను సొంతంగా బస్సెక్కి వెళ్లానని, ఫోటో తీసేయమని రెండుసార్లు అడిగాను, ఇంకా తీయలేదు.