ఫ్యాన్ తిరగకపోతే బోర్డే పోయినట్టా? ఇన్వర్టర్ ఏసీ ఇన్నేళ్లు వాడాక నా మాట

విజయవాడలో పై అంతస్తు ఇల్లు మాది. మే నెల మధ్యాహ్నాల్లో స్లాబు వేడికి గదిలో కూర్చోలేం. అందుకే 2018లో ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాం. చల్లదనానికీ, బిల్లుకీ ఇప్పటికీ వంక పెట్టను. గది చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గించుకుని నడుస్తుంది కాబట్టి రాత్రంతా వేసినా పాత ఏసీ అంత కరెంటు కాలదు. 26 మీద పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే తెల్లారేసరికి అమ్మ దుప్పటి అడుగుతుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది రిపేర్ల సంగతి. బోర్డు, అంటే ఏసీని నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, దాని వారంటీ అయిపోయిన కొన్నాళ్లకి లోపలి యూనిట్ ఫ్యాన్ ఆగిపోయింది. ఆన్ చేస్తే ఫ్లాప్ తెరుచుకునేది, బయట యూనిట్ మొదలయ్యేది, గాలి మాత్రం వచ్చేది కాదు. కాసేపటికి లైటు మిణుకుమిణుకుమని మొత్తం ఆగిపోయేది. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినతను మూత తీసి చూసి, "బోర్డు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. వోల్టేజీ కొలిచే మీటర్ పెట్టి చూడనే లేదు. అంత డబ్బు పెట్టించే మాట కొలవకుండా ఎలా చెబుతారు? అది నాకు నచ్చలేదు.

మా వీధిలో షాపున్న మెకానిక్‌ని పిలిచాను. ముందు మెయిన్ ఆపి, బ్లోయర్‌ని, అంటే గదిలోకి గాలి తోసే ఆ లోపలి ఫ్యాన్‌ని, చేత్తో తిప్పాడు. తేలిగ్గా తిరగాల్సింది, పట్టిపట్టి కదిలింది. "మోటారు మీదే అనుమానం అన్నా, అయినా కొలుద్దాం" అన్నాడు. ఇది బీఎల్‌డీసీ మోటారు, అంటే బ్రష్‌లు లేకుండా డీసీ కరెంటు మీద తిరిగేది, అయిదు వైర్లు వస్తాయి. మా దాంట్లో ఎరుపు, నలుపు మధ్య 310 వోల్టుల డీసీ ఉండాలి. ఇంటికొచ్చే 230 ఏసీ బోర్డు మీద డీసీగా మారితే ఆ చుట్టుపక్కలకి చేరుతుంది. తెలుపులో 15 వోల్టులు, అది మోటారు లోపలి సర్క్యూట్‌కి. పసుపు వైరులో బోర్డు పంపే స్పీడు ఆర్డరు, నీలంలో ఎంత తిరుగుతున్నానో మోటారు తిరిగి చెప్పే సిగ్నల్.

కరెంటు ఇచ్చి చూస్తే 310 ఉంది, 15 ఉంది. రిమోట్ నొక్కగానే పసుపులో వోల్టేజీ సున్నా నుంచి మెల్లగా పైకి లేచింది. అంటే బోర్డు తిరగమని చెబుతూనే ఉంది, మోటారే కదలడం లేదు. నీలంలో సిగ్నల్ రాకపోయేసరికి బోర్డు అంతా ఆపేస్తోంది. మోటారు మార్చాక గాలి వచ్చింది. దానికైన ఖర్చు, బోర్డుకి చెప్పిన దాంట్లో సగం కూడా లేదు. పైగా లోపల షార్టయిన మోటారుని అలాగే ఉంచి కొత్త బోర్డు పెడితే అదీ పోయే ప్రమాదం ఉందట.

ఒకవేళ ఆ 15 వోల్టులు తక్కువ చూపిస్తే, కరెంటు ఆపి మోటారు కనెక్టర్ పీకి మళ్లీ చూడాలి. అప్పుడు 15 వస్తే మోటారు లాగేస్తున్నట్టు, రాకపోతే బోర్డుదే తప్పు. కరెంటు ఉండగా మాత్రం ఆ కనెక్టర్ పీకకూడదు, పెట్టకూడదు, రెండూ కాలిపోవచ్చు. ఇది ఇంట్లో మనం చేసే పని కాదు. చాలా ఇన్వర్టర్ బోర్డుల్లో ఆ నలుపు వైరు కూడా మెయిన్‌తో కలిసే ఉంటుంది, ముట్టుకుంటే కొడుతుంది. స్విచ్ ఆపినా, బోర్డు మీద కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లలో కొన్ని నిమిషాలు ఛార్జి ఉంటుంది.

నిజంగా బోర్డు పోవడం ఆ తర్వాత ఒక వానాకాలంలో చూశాం. ఈసారి లోపల గాలి బాగానే వచ్చింది, బయట యూనిటే మొదలవలేదు. దాని మూత తీస్తే బోర్డు మీద రెండు పిన్నుల మధ్య అడ్డంగా బల్లి, చుట్టూ నల్లటి మసి. మార్చాక వైర్లు వెళ్లే సందుల్ని మూయించాం.

మళ్లీ కొనాల్సొస్తే ఇన్వర్టరే కొంటాను. కానీ మా వారంటీ కార్డులో కంప్రెసర్‌కి పదేళ్లు, బోర్డుకి అయిదు, ఫ్యాన్ మోటారుకి మాత్రం ఒక్క ఏడాదే ఉంది. ఈసారి మోటారుకి ఎన్నేళ్లో కార్డు మీద రాయించుకున్నాకే డబ్బు కడతాను.