అడుగా, అడుగున్నరా, రెండడుగులా: ఆరు పంటకాలాల తరువాత కాలీఫ్లవర్ ఎడంపై నా సమీక్ష

పెరటి మడిలో కాలీఫ్లవర్ వేసేవారు విత్తనం గురించీ ఎరువు గురించీ ఎంతో విచారిస్తారు గానీ, నారు నాటే రోజున మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం వదలాలన్న విషయాన్ని మాత్రం చేతి అంచనాకే వదిలేస్తారు. పువ్వు ఎంత పెద్దదవుతుందో చాలావరకు ఆ రోజే నిర్ణయమైపోతుందని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. ఆరు పంటకాలాలుగా కాలీఫ్లవర్ పండిస్తున్నాను. అందులో చివరి అయిదింటిలో ఒకే విత్తనంతో పోసిన నారును, ఒకే రోజున, పక్కపక్కనే ఉన్న మూడు మళ్లలో మూడు రకాల ఎడాలతో నాటి చూశాను. ఈ సమీక్ష ఆ అనుభవం నుంచి రాస్తున్నది.

నా మళ్లు ఒక్కొక్కటీ ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒకే మడిలో వెంటవెంటనే ఈ పంట వేయకుండా, మధ్యలో చిక్కుడు జాతి మొక్కలతో మార్పిడి చేస్తూ వచ్చాను. అటూ ఇటూ అడుగు ఎడంతో నాటితే మడికి 36 మొక్కలు పడతాయి, అడుగున్నర అయితే 16, రెండడుగులైతే 9. ఒక్కో మొక్కకు దక్కే నేల వరుసగా ఒక చదరపు అడుగు, రెండుంపావు, నాలుగు. ఎడాన్ని రెట్టింపు చేస్తే మొక్కకు దక్కే నేల నాలుగింతలవుతుందన్న ఈ చిన్న లెక్క కాగితం మీద వేసుకున్నాకే మిగతా విషయాలన్నీ నాకు స్పష్టమయ్యాయి.

మొదటి పంటకాలం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ ఏడాది నేను తప్పు పాఠం నేర్చుకోబోయి తప్పించుకున్నాను. పెద్ద పువ్వులు కావాలని మొక్కలన్నిటినీ రెండడుగుల ఎడంతో నాటాను. అయితే మడి సిద్ధం కావడం ఆలస్యమై, నారు చిన్న ట్రేలలోనే దాదాపు ఏడు వారాలు ఉండిపోయింది. వేళ్లు ఒకదానికొకటి చుట్టుకుపోయి, కింది ఆకులు ఊదారంగుకు తిరిగాయి. నాటిన కొద్ది వారాలకే, నాలుగైదు చిన్న ఆకుల మధ్య చొక్కా గుండీ అంత తెల్లని పువ్వు తేలింది, ఆ తరువాత అది పెరగలేదు. దీన్నే బటనింగ్ అంటారు. కాలీఫ్లవర్‌లో మనం తినే భాగం ఇంకా విచ్చుకోని పూగుత్తి. మొక్క కొన పువ్వు కట్టడం మొదలుపెట్టిందంటే ఇక కొత్త ఆకులు పుట్టవు, అప్పటికి ఉన్న ఆకులే ఆ పువ్వును పోషించాలి. ముదిరిన నారు, నత్రజని కొరత, నీటి ఎద్దడి, లేత దశలో మితిమీరిన చలి, వీటిలో ఏది తగిలినా మొక్క ఆకులు సమకూర్చుకోకముందే పువ్వుకు దిగుతుంది. అలాంటి మొక్కకు రెండడుగులు కాదు, నాలుగడుగులు ఇచ్చినా ప్రయోజనం ఉండదు. అప్పటినుంచి నాలుగు, అయిదు వారాల వయసున్న, అయిదారు ఆకుల నారునే నాటుతున్నాను. పువ్వు చిన్నదైందని ఎడాన్ని నిందించే ముందు ఈ ఒక్క విషయం సరిచూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక పోలికకు వస్తాను. అడుగు ఎడం మడి మొదటి నెలంతా చూడముచ్చటగా ఉంటుంది. నేల త్వరగా కప్పుకుపోతుంది, కలుపు దాదాపు రాదు. అయిదో వారం దాటాక తేడా తెలుస్తుంది. ఆకులు పక్కలకు పరుచుకునే చోటు లేక నిటారుగా లేస్తాయి, కాడ సన్నగా పొడుగు సాగుతుంది, కింది ఆకులు వెలుతురు అందక పసుపురంగుకు తిరిగి రాలిపోతాయి. ఆకుల విస్తీర్ణం అక్కడే ఆగిపోవడం వల్ల పువ్వు కూడా అక్కడే ఆగుతుంది. మడి మధ్యలోని మొక్కల పువ్వులు నా పిడికిలి కంటే కాస్త పెద్దవి, అంతే. అయితే ఈ పద్ధతికి ఉన్న మంచిని దాచడం న్యాయం కాదు. చిన్నవే అయినా పువ్వులు గట్టిగా, ఒత్తుగా ఉంటాయి. నిటారుగా నిలిచిన ఆకులు పువ్వుకు నీడ పడతాయి కాబట్టి అవి తెల్లగానే ఉంటాయి. అన్నీ దాదాపు ఒకే వారంలో కోతకు వస్తాయి. మడి మొత్తం మీద తూకం వేస్తే ఈ మడే ముందుండేది. కానీ ఆకులూ మొదలూ తీసేసి తూచినప్పుడు ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది, ఎందుకంటే చిన్న పువ్వుల్లో పారేసే భాగం పాలు ఎక్కువ.

ఈ మడిని నేను ఇష్టపడకపోవడానికి కారణం పరిమాణం కాదు, తడి. ఉదయం మంచు గానీ, కురిసిన వాన గానీ ఇరుకైన ఆకుల మధ్య చాలా సేపటి వరకూ ఆరదు. ఒక ఏడాది వరుసగా ముసురు పట్టినప్పుడు ఆకుల అంచుల నుంచి లోపలికి చొచ్చుకొచ్చే పసుపు మచ్చలు కనిపించాయి. మచ్చ కొస మధ్య ఈనె వైపు తిరిగి, ముక్కోణంలా ఉంది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే లోపలి ఈనెలు నల్లగా ఉన్నాయి. అది నల్ల కుళ్లు తెగులు. బాక్టీరియా వల్ల వస్తుంది, నీటి తుంపరలతో ఆకు నుంచి ఆకుకు పాకుతుంది. ఆకులు ఒకదానికొకటి తగులుతూ ఉన్న ఆ మడిలో అది పది రోజుల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి చేరింది. రెండడుగుల మడిలో రెండు మొక్కలతో ఆగింది. గొంగళిపురుగుల కోసం ఆకుల అడుగున వెతకడం కూడా ఈ ఇరుకులో సాధ్యపడదు. చెయ్యి పెడితే ఆకులు విరుగుతాయి.

రెండడుగుల మడిలో పువ్వులు నిజంగానే పెద్దవి. రెండు చేతులూ కలిపి పట్టుకోవలసినవి వచ్చాయి. కోసిన మొదటి పువ్వును అలా పట్టుకున్నప్పుడు కలిగిన ఆనందాన్ని నేను తక్కువ చేసి చెప్పను. అయినా ఈ మడి అడిగే పనీ అంతే పెద్దది. మొదటి నెలన్నర నేల ఖాళీగా ఉంటుంది కాబట్టి కలుపు విపరీతం. ఆ చోటును వృథా పోనివ్వకుండా నలభై రోజుల్లో పీకేసే మెంతి, కొత్తిమీర వేసుకోవచ్చు. ముల్లంగి కూడా వేస్తారు గానీ, అదీ ఈ కుటుంబానికే చెందింది, పురుగులూ ఉమ్మడే, అందుకని నేను మానేశాను. ఆకులు వెల్లకిలా పరుచుకోవడంతో పువ్వు మీద నేరుగా ఎండ పడి పసుపు తిరుగుతుంది. కోడిగుడ్డంత కాగానే పై ఆకులను దగ్గరకు లాగి దారంతో వదులుగా కట్టక తప్పదు. మరో విషయం నన్ను కొంత కలవరపెట్టింది. బాగా పెరిగిన ఒక పువ్వును కోసి కాడను అడ్డంగా చూస్తే, మధ్యలో వేలి కొస దూరేంత బోలు ఉంది. బోరాన్ లోపమేమోనని అనుమానించాను. ఆ లోపంలో బోలు లోపలి గోడ గోధుమరంగుకు మారి, పువ్వు మీద కూడా మచ్చలు వస్తాయి. ఇక్కడ గోడ తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎక్కువ చోటూ ఎక్కువ నత్రజనీ కలిసి మొక్కను మరీ వేగంగా పెంచితే వచ్చే బోలు అది. తినడానికి ఇబ్బంది లేదు గానీ, చోటు ఎక్కువైనా మొక్క దాన్ని ఎల్లప్పుడూ మేలుగా మార్చుకోలేదని అది చూపించింది.

ఇలాంటి పోలిక చేయదలచినవారు ఒక పొరపాటు పడకుండా జాగ్రత్త వహించాలి. చిన్న మడిలో చాలా మొక్కలు గట్టు పక్కవే. నా రెండడుగుల మడిలోని తొమ్మిదింటిలో ఎనిమిది అంచున ఉన్నాయి, నాలుగు వైపులా పొరుగు ఉన్నది ఒక్కటే. అడుగున్నర మడిలో 16కు 12, అడుగు మడిలో 36కు 20 అంచు మొక్కలు. అంచున ఉన్న మొక్క బాట వైపు నుంచి వెలుతురునూ, గట్టు కింది తేమనూ అదనంగా తీసుకుంటుంది. అడుగు మడిలోనే మూల మొక్కల పువ్వులు మధ్యవాటి కంటే స్పష్టంగా పెద్దవి వచ్చాయి. అందుచేత రెండో ఏడాది నుంచి మధ్య మొక్కలను మధ్య మొక్కలతోనే పోల్చాను. రెండడుగుల మడి విషయంలో మాత్రం ఏడాదికి ఒక్క మొక్కే ఆధారం కాబట్టి, దాని గురించి అయిదేళ్లు గడిచాకే ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

అడుగున్నర మడి నా ఎంపిక. ఇక్కడ ఆరేడు వారాలకు పక్క మొక్కల ఆకుల కొసలు ఒకదానికొకటి తగులుతాయి, సరిగ్గా పువ్వు కట్టడం మొదలయ్యే సమయానికి. అంటే మొక్కకు ఇచ్చిన నేలంతా అప్పటికి దాని ఆకుల కిందికి వచ్చింది, అయినా ఇంకా ఇరుకు మొదలు కాలేదు. వేళ్లు లోతుకు పోని ఈ పంటకు అదే సమయంలో నేల నీడలో ఉండడం వల్ల పైతడి నిలుస్తుంది, నీళ్లు పెట్టే పని తగ్గుతుంది. పువ్వు నా అరచేతిని వేళ్లతో సహా నింపుతుంది. చిన్న కుటుంబానికి ఒక పూటకు సరిపోతుంది, మిగిలి వాడిపోదు. ఒక మొక్క పోయినా పదహారింటిలో ఒకటే పోయినట్టు. ఆకులు కట్టే పని సగం మొక్కలకే అవసరమైంది.

అడుగు ఎడానికి రెట్టింపు కంపోస్టు వేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన నాకూ వచ్చింది, ఒక ఏడాది వేసి చూశాను. ఆకుల రంగు చిక్కబడింది, పువ్వులు కొద్దిగా మెరుగుపడ్డాయి, కానీ అడుగున్నర మడి దరిదాపులకు రాలేదు. ఎరువును పెంచగలం, నీటిని పెంచగలం, ఒక చదరపు అడుగు మీద పడే వెలుతురును పెంచలేం. వరుసలను ఎదురెదురుగా కాకుండా జిగ్‌జాగ్‌గా నాటితే అదే ఎడంలో నూటికి పదిహేను మొక్కలు ఎక్కువ పడతాయని లెక్క చెబుతుంది. అది పెద్ద విస్తీర్ణానికి నిజమే. ఆరడుగుల మడిలో అంచుల దగ్గర పోయే చోటే ఆ లాభాన్ని మింగేసింది.

రకాన్ని బట్టి ఈ కొలతలను కొంచెం సవరించుకోవాలి. త్వరగా కోతకొచ్చే రకాల ఆకుల గుబురు చిన్నది, వాటికి అడుగుంపావు ఇచ్చినా నష్టం కనబడలేదు. ఆలస్యంగా వచ్చే, పెద్ద ఆకుల రకాలను అడుగున్నరలో ఒకసారి వేసి ఇరుకు పెట్టాను. వాటికి రెండడుగులే సరైనది. ఒకే వారంలో అన్నీ కోసి నిల్వ చేసుకునేవారికీ, చిన్న పువ్వులను విడదీయకుండా అలాగే వండేవారికీ, పొడి వాతావరణం ఉంటే, అడుగు ఎడం పనికొస్తుంది.

ఇప్పుడు నారు నాటేటప్పుడు అడుగున్నరకు గాటు పెట్టిన ఒక కర్రను వాడుతున్నాను. మొదటి వరుసను గట్టు నుంచి అందులో సగం దూరంలో, అంటే తొమ్మిది అంగుళాల లోపలికి పెడతాను. నాటిన రోజున మడి బోసిగా, చోటు వృథా అయినట్టు కనిపిస్తుంది, మధ్యలో ఇంకొక్క మొక్క పెట్టాలనిపిస్తుంది. మిగిలిన నారును ఆ రోజే ఇంకెవరికైనా ఇచ్చేస్తాను.