కాజీపేటలో రైలు, బస్సు మోడళ్లు: బస్సు ధైర్యంగా కొనండి, నడిచే రైలుకు కొంచెం ఆగండి

ఆన్‌లైన్‌లో స్కేల్ మోడల్ అని రాసి అమ్మే మన రైళ్లు, బస్సుల్లో చాలావరకు ఉత్త బొమ్మలే. పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటాయి, అందులో తప్పేం లేదు. కానీ స్కేల్ అన్న మాట వాడాక టేపు పెట్టి కొలిస్తే లెక్క కుదరాలి కదా. కాజీపేట రైల్వే కాలనీ పక్కన ఒక ఇంటి మేడ మీద చిన్న వర్క్‌షాప్ ఉంది, అక్కడ చేసేవాటికి లెక్క కుదురుతుంది, అందుకే ఇంత పొడుగు రివ్యూ రాస్తున్నా. బోర్డు లేదు. ఆన్‌లైన్ షాపు కూడా లేదు. ఇద్దరు అన్నదమ్ములు, రంగులు వేసే ఒక పెద్దాయన, అంతే. నెంబర్ పబ్లిగ్గా పెట్టొద్దన్నారు, ఆర్డర్లు మీద పడితే చేయలేమని. కాలనీలో అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు.

నేను తీసుకున్నవి మూడు: 1:50 స్కేల్‌లో, అంటే అసలు సైజులో యాభయ్యో వంతు, పల్లెవెలుగు బస్సు, 1:87లో ప్యాసింజర్ రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 కరెంట్ ఇంజన్ షోకేస్ మోడల్, తర్వాత అదే ఇంజన్ మోటారుతో నడిచేది, దాంతోపాటు నాలుగు ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం స్టీలు) బోగీలు. బస్సు 4,500, షోకేస్ ఇంజన్ 6,000, నడిచే ఇంజన్ 16,000, బోగీ ఒక్కోటి 3,500 రూపాయలు. చవక కాదు. బస్సుకు పెట్టిన డబ్బుకు నాకు ఒక్క రూపాయి బాధ లేదు. నడిచే సెట్టు సంగతి వేరు, దానికి తర్వాత వస్తా.

బస్సు గురించి ఎంత చెప్పినా తక్కువే. అసలు బస్సు దాదాపు 11 మీటర్లుంటే ఇది 22 సెంటీమీటర్లు, టీవీ పక్కన సరిగ్గా సరిపోతుంది. మామూలుగా దొరికే బస్సు మోడళ్లలో లోపల సీట్లు రెండు వరుసల్లో ఏదో అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఇందులో ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు, పల్లెవెలుగులో ఎలా ఉంటాయో అలాగే. కిటికీలకు అడ్డంగా ఉండే కడ్డీలు విడివిడిగా సన్నని తీగతో పెట్టారు, ప్రింట్ చేసినవి కావు. డ్రైవర్ పక్క తలుపు, వెనక నిచ్చెన, టాపు మీద సామాను వేసుకునే క్యారియర్, టైర్ల వెనక మడ్‌ఫ్లాపులు, లోపల ముందు సీట్ల పైన స్త్రీలకు అని రాసిన అక్షరాలు కూడా ఉన్నాయి. భూతద్దం పెడితే చదవొచ్చు. ముందు అద్దం పైన ఊరి బోర్డు మనం చెప్పినట్టు రాసిస్తారు. నేను హనుమకొండ నుంచి పరకాల అని రాయించుకున్నా. ఆ బోర్డు రంగులేసే పెద్దాయన చేత్తో రాస్తారు, సన్న కుంచెతో. ఫ్లెక్సీలు రాకముందు ఆయన షాపుల బోర్డులు రాసేవారట, అందుకే ఆ అక్షరాల్లో కంప్యూటర్ ఫాంటుకు రాని ఒడుపు ఉంది. నంబర్ ప్లేటు ఏపీ 36 జెడ్ సిరీస్. అంటే తెలంగాణ రాకముందు వరంగల్ జిల్లా బండి. అడిగితే టీఎస్ 03 కూడా వేస్తారు.

ఆ జెడ్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అక్షరం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెబుతారు. అసలు మన దగ్గర ఆర్టీసీ పుట్టిందే రైల్వే కడుపున. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం అని 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. అందుకని రైలు, బస్సు ఒకే అరలో పక్కపక్కన పెట్టుకోవడం మన తెలంగాణవాళ్లకు బాగా నప్పే పని అని నాకనిపిస్తుంది. ఆ 1932 నాటి ఆల్బియన్ బస్సు చేయమని నేను వాళ్లను అడుగుతూనే ఉన్నా. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడిది ఒకటే మాట, "ఫొటో చూసి చెయ్యం అన్నా, కొలతలు దొరికితేనే చేస్తం." ఆ మాట విన్నాకే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది. పల్లెవెలుగు కోసం డిపోలో పర్మిషన్ అడిగి, ఆగి ఉన్న బస్సును టేపుతో కొలుచుకుని వచ్చారు. ఆ నోటుబుక్కు చూపించారు కూడా, కిటికీ కిటికీకి మధ్య గ్యాప్ సహా రాసి ఉంది.

ఇక ఇంజన్. డబ్ల్యూఏపీ-7 బఫర్ నుంచి బఫర్ దాకా, అంటే ఈ కొస నుంచి ఆ కొసకు, 20,562 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 236 చిల్లర. నేను వెర్నియర్ పెట్టి కొలిస్తే 236 వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే. ఇంజన్ పక్కన తెల్ల గీత, ఇంజన్లను చూసుకునే లాలాగూడ షెడ్ పేరు, క్యాబ్ కింద మెట్లు, టాపు మీద ఇన్సులేటర్లు అన్నీ వాటి చోట్ల ఉన్నాయి. పైన కరెంట్ తీగను అందుకునే పాంటోగ్రాఫ్‌ను ఇత్తడి తీగ అతికించి చేశారు, లేపొచ్చు, దించొచ్చు. పక్కలకుండే గాలి జాలీలు మాత్రం ఇత్తడి రేకును యాసిడ్‌తో తినిపించి చేసినవి, బయట నుంచి తెప్పిస్తారు. ప్రింట్ చేసిన జాలీకి, దీనికి తేడా చూస్తేగానీ తెలియదు. ఇదే బాడీ మీద కాజీపేట షెడ్ పేరుతో డబ్ల్యూఏజీ-9 గూడ్స్ ఇంజన్ కూడా చేస్తారు. అందులో మోసమేం లేదు, డబ్ల్యూఏపీ-7ను డబ్ల్యూఏజీ-9 నుంచే గేర్ నిష్పత్తి మార్చి తయారుచేశారు కాబట్టి బాడీ దాదాపు ఒకటే. మన ఊరి షెడ్ పేరు ఉన్నది కావాలంటే అదే తీసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. గేజ్. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కానీ ప్రపంచమంతా దొరికే హెచ్ఓ (1:87 స్కేల్‌కు ఆ పేరు) ట్రాక్ 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల గేజ్ లెక్కన చేసింది. దాంతో మన ఇంజన్‌ను ఆ ట్రాక్ మీద పెడితే ముందు నుంచి చూసినప్పుడు భారీ మనిషి కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. చాలామంది తయారీదారులు ఈ సంగతి ఎత్తరు. వీళ్లు షోకేస్ మోడల్‌కు 19 మిల్లీమీటర్ల పట్టా, సిమెంట్ స్లీపర్లు, కంకరతో సహా సొంతంగా చేసి ఇస్తారు. నడిచేదానికి మాత్రం రెడీమేడ్ 16.5 ట్రాకే, ఆ సంగతి కొనేముందే చెప్పారు. కాజీపేట ప్లాట్‌ఫాం మీద నిలబడి ఎదురుగా వస్తున్న ఇంజన్‌ను చూసిన కళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు నడిచే సెట్టు. ఇంజన్ విడిగా బ్రహ్మాండంగా నడుస్తుంది, 12 వోల్టుల డీసీ మీద, చప్పుడు తక్కువ, స్లోగా బయలుదేరుతుంది, జెర్కు లేదు, వెళ్లే దిక్కును బట్టి హెడ్‌లైట్ మారుతుంది. బాధంతా బోగీలతోనే. ఎల్‌హెచ్‌బీ బోగీ అసలు పొడవు 23.54 మీటర్లు, అంటే మోడల్ 27 సెంటీమీటర్లు. అంత పొడుగు బోగీ 18 అంగుళాల రేడియస్ మలుపులో తిరగాలంటే మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి పోయి బోగీలను కలిపే కప్లింగ్ లాగేస్తుంది, పట్టా దిగుతుంది. స్టార్టర్ సెట్లలో వచ్చే ట్రాక్ ఎక్కువగా ఈ 18 అంగుళాలదే. కనీసం 24 అంగుళాల రేడియస్ ఉండాలని వీళ్లు చెప్పాలి, చెప్పలేదు. మా ఇంట్లో పెద్ద మలుపు వేసి చూశా, అప్పుడూ వెనక బోగీ దిగింది. అనుమానం వచ్చి వంటింటి త్రాసు మీద పెట్టి తూచితే ఒక్కో బోగీ 110 గ్రాములే. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్ల సూత్రం ఒకటుంది, హెచ్ఓ బోగీకి మొదట ఒక ఔన్స్ (దాదాపు 28 గ్రాములు), ఆపైన ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్స్ చొప్పున బరువుండాలి అని. ఆ లెక్కన ఈ బోగీకి 180 గ్రాములు కావాలి. అంటే 70 గ్రాములు తక్కువ. బోగీ లోపల అడుగున చిన్న సీసం ముక్కలు అతికించాక సమస్య చాలావరకు పోయింది, ఇప్పుడు బాగానే తిరుగుతోంది. కానీ 3,500 పెట్టి కొన్న బోగీకి ఆ పని కొన్నవాడు చేసుకోవాలా? ఇది వాళ్లకు ఫోన్ చేసి చెప్పా, కొత్తగా చేసేవాటిలో బరువు పెడతామన్నారు. కొనేవాళ్లు అక్కడే తూచి తీసుకోండి, మొహమాటపడకండి.

ఇంకో లెక్క కూడా ముందే వేసుకోండి. 22 బోగీల పూర్తి రైలు పెట్టాలని ఆశ ఉంటే అది ఇంజన్ కాకుండానే, కప్లింగులతో కలిపి, 6 మీటర్లు దాటుతుంది. మన ఇళ్లలో అంత హాలు ఎవరికుంటుంది. నాలుగైదు బోగీలతో సరిపెట్టుకోవడమే, లేదా 1:160 స్కేల్‌కు పోవాలి, అది వీళ్లు చేయరు.

వందేభారత్ మోడల్ కూడా చూపించారు. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్తూ వరంగల్‌లో ఆగేది, 2023 జనవరి 15న మొదలైన ఆ రైలే. ముక్కు దగ్గర వంపు ఇంకా కుదరలేదు, ముందు అద్దం చుట్టూ ఉండే నల్ల భాగం కొంచెం పైకి పోయినట్టుంది. వాళ్లే అమ్మడం లేదు, సరిగ్గా వచ్చాకే ఇస్తామన్నారు. మంచి నిర్ణయం.

ఎండ గురించి జాగ్రత్త. బాడీలు రెసిన్ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింట్ చేసి, ఎమరీ పేపర్‌తో నీళ్లు పోసి రుద్ది, ప్రైమర్ కొట్టి ఎయిర్‌బ్రష్‌తో రంగు వేస్తారు. ప్రింట్ పొర మందం 0.05 మిల్లీమీటర్లు, అందుకే బస్సు టాపు వంపులో కూడా గీతలు కనపడవు. కానీ రెసిన్‌కు ఎండలోని అల్ట్రావయొలెట్ పడదు, పడేకొద్దీ పెళుసెక్కుతుంది, వేడికి సన్నని భాగాలు వంగుతాయి. మన దగ్గర మే నెల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ పక్కన, కారు డ్యాష్‌బోర్డు మీద అస్సలు పెట్టొద్దు. నా బస్సు అద్దాల బీరువాలో లోపలి గోడకు ఉంది, ఒక ఎండాకాలం దాటింది, ఏం కాలేదు.

సర్వీసు విషయానికొస్తే, టైముకు ఇవ్వరు. దసరాకని చెప్పింది దీపావళి దాటాక వచ్చింది, మధ్యలో మనం ఫోన్ చేస్తే తప్ప వాళ్లు చేయరు. అడ్వాన్సు సగం తీసుకున్నప్పుడు ఆలస్యమవుతుందని ఒక మెసేజ్ పెట్టడం మర్యాద. టెన్షన్ పడతాం కదా. ప్యాకింగ్ కూడా బాగాలేదు. మా తమ్ముడి కోసం మంచిర్యాలకు కొరియర్ చేసిన బస్సు థర్మాకోల్ ముక్కల మధ్య వదులుగా పెట్టి పంపారు, సైడు అద్దం విరిగి వెళ్లింది. తర్వాత వాడు తెచ్చిస్తే పైసా తీసుకోకుండా బాగుచేశారు, మాటకు కూడా ఇబ్బంది పెట్టలేదు. కానీ ఇంత సన్నటి పనితనానికి స్పాంజ్ కోసి, మోడల్ ఆకారానికి గాడి చేసిన డబ్బా ఉండాల్సిందే. అది లేనన్నాళ్లూ స్వయంగా వెళ్లి తెచ్చుకోవడమే మేలు.

ధర ఎక్కువని కొందరు మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోను. ఒక్క బస్సుకే కిటికీ కడ్డీలన్నీ చేత్తో పెట్టి, మాస్కింగ్ టేపు వేసి ఒక్కో రంగు విడివిడిగా కొట్టి, ఆరబెట్టి, నంబర్లు అంటించి, పైన మ్యాట్ కోటింగ్ ఇచ్చేసరికి ఎన్ని పూటలు పడుతుందో అక్కడ కూర్చుని చూస్తే తెలుస్తుంది. విదేశాల నుంచి తెప్పించుకునే మోడళ్లకు ఇంతకు మించి పెడతాం, అందులో మన ఆర్టీసీ బస్సూ ఉండదు, మన లాలాగూడ ఇంజనూ ఉండదు. నిర్మల్ కొయ్య బొమ్మలకు, చేర్యాల మాస్కులకు ఎంత విలువ ఇస్తామో ఈ పనికీ అంత ఇవ్వాలి.

ఆర్డర్ ఇచ్చేవాళ్లకు: బస్సయితే డిపో పేరు, రూటు, నంబర్ ప్లేటు ఏ కాలంనాటిదో కాగితం మీద రాసివ్వండి. ఇంజనయితే షెడ్ పేరు, ఇంజన్ నంబర్ రాయండి, షోకేస్‌దా నడిచేదా స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే చక్రాల గేజ్ తర్వాత మార్చడం కుదరదు. బోగీలు తీసుకునేటప్పుడు 180 గ్రాముల మాట గట్టిగా అడగండి. డబ్బు చేతికిచ్చే ముందు పాంటోగ్రాఫ్ లేపి దించి చూడండి, బస్సు తలుపులు తీసి చూడండి, వాళ్లు ఏమీ అనుకోరు. మధ్యాహ్నం పూట మాత్రం వెళ్లకండి, అప్పుడు రంగులు కొడుతుంటారు, దుమ్ము పడుతుందని తలుపు తీయరు.