ఐ3 విండో మేనేజర్: చాలాకాలం వాడిన తరువాత

లినక్స్ డెస్క్‌టాప్ మీద ఐ3 అనే టైలింగ్ విండో మేనేజర్‌ను, అంటే విండోలను తెర మీద పక్కపక్కనే సర్దే ప్రోగ్రామును, ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను. రాతపని, ప్రోగ్రామింగ్, మెయిల్, చదువు అన్నీ ఇందులోనే. దీని గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే: ఇక్కడ విండోలు ఒకదాని మీద ఒకటి పడవు, స్క్రీనును పంచుకుంటాయి. ఒక విండో తెరిస్తే స్క్రీనంతా దానిదే, రెండోది తెరిస్తే చెరి సగం. చూపించడానికి బాగుంటుంది కాబట్టి అందరూ దాన్నే చూపిస్తారు. ఇన్నాళ్ల వాడకం తరువాత నేను మాత్రం ఈ పంపకానికి రెండో స్థానమే ఇస్తాను. ఐ3 అసలు బలం వర్క్‌స్పేస్‌లకు, అంటే విండోలను విడివిడి గుంపులుగా ఉంచే తెరలకు, ఇచ్చిన అంకెల్లో ఉంది.

మొదటిసారి నడిపినప్పుడు ఐ3 మనల్ని ఒక కీ ఎంచుకోమంటుంది: విండోస్ గుర్తు ఉన్న కీ కావాలా, ఆల్ట్ కావాలా అని. దాన్నే మాడ్ కీ అంటారు. మాడ్ పట్టుకుని 1 నొక్కితే ఒకటో వర్క్‌స్పేస్, 2 నొక్కితే రెండోది, ఇలా పది వరకు. షిఫ్ట్ కూడా కలిపితే ఇప్పుడు చేతిలో ఉన్న విండో ఆ అంకె దగ్గరికి వెళ్తుంది. నాకు 1 ఎప్పుడూ టెర్మినల్, 2 బ్రౌజర్, 3 ఎడిటర్, 9 మెయిల్. అమరికలన్నీ రాసుకునే కాన్ఫిగ్ ఫైలులో అసైన్ అనే ఆదేశంతో ఒక్క పంక్తి రాస్తే చాలు, ఆ ప్రోగ్రాం ఎప్పుడు తెరిచినా తన చోటుకే వెళ్లి కూర్చుంటుంది.

ఆల్ట్ ట్యాబ్ అలవాటున్నవారికి ఇందులో గొప్ప ఏముందో వెంటనే తెలియకపోవచ్చు. ఆల్ట్ ట్యాబ్‌లో వరుస చివరగా వాడిన విండోను బట్టి మారిపోతుంటుంది. అందుకే ప్రతిసారీ కళ్లతో చూసి, వెతికి, ఎంచుకోవాలి. అంకె మారదు. చీకట్లో కూడా మన గది స్విచ్ ఎక్కడుందో చేతికి తెలిసినట్టు, మెయిల్ కావాలంటే వేలు 9 మీదికి దానంతట అదే వెళ్తుంది. వెతుకులాట పోవడం వల్ల మిగిలే సమయం కొద్దిపాటిదే. అసలు లాభం చేస్తున్న ఆలోచన మధ్యలో తెగకపోవడం. దీనికి తోడు కాన్ఫిగ్‌లో ‘వర్క్‌స్పేస్ ఆటో బ్యాక్ అండ్ ఫోర్త్’ అనే అమరికను ఆన్ చేసుకోండి. అప్పుడు మెయిల్ చూశాక మళ్లీ 9 నొక్కితే అంతకుముందున్న చోటికే తిరిగి వస్తాం. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. నాకు మాత్రం ఇది లేని ఐ3 సగం ఐ3.

రెండు మానిటర్లు ఉన్నవారికి ఈ పద్ధతి ఇంకా నచ్చుతుంది. ఒక్కో మానిటర్ తన వర్క్‌స్పేస్‌ను విడిగా చూపిస్తుంది. ఒకదానిలో అంకె మారిస్తే రెండోది కదలదు. అడిగిన అంకె పక్క మానిటర్ మీద ఉంటే దృష్టి అక్కడికి మళ్లుతుంది. ఒక మానిటర్ తీసేస్తే అందులోని వర్క్‌స్పేస్‌లు మిగిలిన దానిలోకి చేరిపోతాయి. ఏ విండో ఎక్కడికి పోయిందో అని వెతుక్కునే పని ఉండదు.

ఇక విండోల పంపకం. కొత్తవాళ్లు వదిలేసి వెళ్లిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఐ3 విండోలను ఒక చెట్టు రూపంలో గుర్తుపెట్టుకుంటుంది. కొమ్మలు కంటెయినర్లు, ఆకులు విండోలు. కొత్త విండో పక్కన రావాలా, కింద రావాలా అన్నది మనమే చెప్పాలి, అదీ విండో తెరవకముందే చెప్పాలి. మాడ్‌తో హెచ్ నొక్కితే తరువాతి విండో పక్కన వస్తుంది, వి నొక్కితే కింద వస్తుంది. డీడబ్ల్యూఎం వంటి ఇతర టైలింగ్ విండో మేనేజర్లు ఇలా అడగవు. ప్రధాన విండో ఒకవైపు, మిగిలినవన్నీ మరోవైపు దొంతరగా వాటంతట అవే సర్దుకుంటాయి. ఐ3లో ఆ బాధ్యత మనది. ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి పెట్టుకుని, ఎడమవైపు రెండింటినీ కలిపి మరో వర్క్‌స్పేస్‌కు పంపాలనుకోండి. ముందు మాడ్‌తో ఎ నొక్కి, ఆకు నుంచి కొమ్మకు ఎక్కాలి. అప్పుడు పంపితే కొమ్మ మొత్తం కదులుతుంది. ఈ ఒక్క ఆదేశం పట్టుబడితే చెట్టు అంతా అర్థమైనట్టే. అది పట్టుబడే వరకు విండోలు ఎందుకు అలా చీలుతున్నాయో తెలియక విసుగు వస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే. చెట్టు మొత్తాన్ని బొమ్మలా తెర మీద చూపించే ఏర్పాటు ఐ3లో లేదు.

చిన్న స్క్రీను మీద మూడు నాలుగు ముక్కలు చేయడం వల్ల ఉపయోగం తక్కువ. ఏ విండోలోనూ పంక్తి పూర్తిగా కనబడదు. అందుకే నేను ఎక్కువగా వాడేది మాడ్‌తో డబ్ల్యూ నొక్కితే వచ్చే ట్యాబ్‌ల అమరిక. ఎడిటర్ సగం స్క్రీను, మిగతా సగంలో టెర్మినల్, లాగ్‌లు, పత్రాలు ట్యాబ్‌లుగా. ఏ ప్రోగ్రాముకైనా, దానిలో ట్యాబ్‌లు లేకపోయినా, ఇక్కడ ట్యాబ్‌లు దొరుకుతాయి. స్క్రాచ్‌ప్యాడ్ కూడా అంతే విలువైనది. ఒక విండోను మాడ్, షిఫ్ట్, మైనస్‌తో దాచి ఉంచితే, తరువాత ఏ వర్క్‌స్పేస్‌లో ఉన్నా మాడ్, మైనస్‌తో ముందుకు వస్తుంది. నేను అక్కడ నోట్సు పెట్టుకుంటాను.

కాన్ఫిగ్ మొత్తం ఒకే టెక్స్ట్ ఫైలు. ప్రోగ్రామింగ్ రానివారికి కూడా చదివితే అర్థమవుతుంది. డీడబ్ల్యూఎంలో అమరిక మార్చాలంటే సి భాషలోని ఫైలును దిద్ది మళ్లీ కంపైల్ చేయాలి. అదే కోవలోని ఎక్స్‌మొనాడ్‌కు హాస్కెల్ భాష, ఆసమ్‌కు లువా భాష తెలిసి ఉండాలి. ఐ3లో ఫైలు దిద్ది మాడ్, షిఫ్ట్, ఆర్ నొక్కితే తెరిచిన విండోలు చెదరకుండానే కొత్త అమరిక అమలవుతుంది. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టినప్పటి నుంచి దీని పత్రాలు శ్రద్ధగా రాస్తూ వచ్చారు. ప్రశ్న వచ్చినప్పుడు నేను ముందు వెళ్లేది యూజర్ గైడ్ దగ్గరికే, చాలాసార్లు అక్కడితోనే పని ముగుస్తుంది.

లోటు ఎక్కడంటే, ఇది విండో మేనేజర్ మాత్రమే, పూర్తి డెస్క్‌టాప్ కాదు. స్క్రీను లాక్ చేయడానికి ఐ3లాక్, నోటిఫికేషన్లకు డన్‌స్ట్, మానిటర్ల అమరికకు ఎక్స్‌రాండర్, వాల్‌పేపర్‌కు మరొకటి. శబ్దం పెంచే కీలకు కూడా కాన్ఫిగ్‌లో ఒక పంక్తి ఉండాలి. ల్యాప్‌టాప్ మూత వేయగానే లాక్ కావాలంటే అదీ మనమే అమర్చుకోవాలి. ఒకసారి అమరితే ఏళ్లు నడుస్తుంది. కానీ ఆ ఒకసారికి ఓపిక కావాలి, తీరిక కావాలి. అవి లేనివారికి నేను దీన్ని సిఫారసు చేయను. ఫొటోలు, వీడియోలు దిద్దడం మీద బతికేవారికి కూడా అంతే. వారి చేయి ఎలాగూ మౌస్ మీదే ఉంటుంది, ఆ ప్రోగ్రాములు తెరిచే చిన్న చిన్న విండోలకు కాన్ఫిగ్‌లో ఒక్కొక్కటిగా ఫ్లోటింగ్ (మిగతా విండోల పైన తేలే) నియమాలు రాసుకోవాల్సి వస్తుంది.

తెలుగులో టైపు చేసేవారు ఒక్క విషయం చూసుకోవాలి. వేర్వేరు భాషల్లో టైపు చేయడానికి వాడే ఐబస్ ప్రోగ్రాములో భాష మార్చే కీలు మామూలుగా విండోస్ కీ, స్పేస్. ఐ3లో మాడ్‌తో స్పేస్ నొక్కితే టైలింగ్, ఫ్లోటింగ్ విండోల మధ్య దృష్టి మారుతుంది. మాడ్‌గా విండోస్ కీనే ఎంచుకుంటే రెండూ ఢీకొంటాయి. నేను ఐ3 వైపు కీని మార్చేశాను, భాష మార్పు నాకు రోజంతా కావాలి కనుక.

విండోలను పక్కపక్కనే పరిచే ఈ పద్ధతి కొత్తగా పుట్టిందేమీ కాదు. 1985లో వచ్చిన విండోస్ 1.0లో కూడా ప్రోగ్రాముల విండోలు పక్కపక్కనే పరుచుకునేవి, ఒకదాని మీద ఒకటి వచ్చేవి కావు. అంత చిన్న తెరల మీద, మౌస్‌తో నడపాల్సిన చోట, ఆ పద్ధతి నిలవకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. పెద్ద తెర, కీబోర్డు, అంకెలు మూడూ కలిసినప్పుడే దీనికి అర్థం వస్తుంది.

లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే పని ఐ3కి ఎక్స్ అనే పాత వ్యవస్థ చేస్తుంది; దాని బదులు వచ్చిన వేలాండ్‌కు మారాలనుకునేవారికి, ఐ3 లాంటిదే అయిన, 2019లో 1.0 దశకు చేరిన స్వే ఉంది. ఐ3 కాన్ఫిగ్‌ను చాలావరకు అలాగే చదువుతుంది. ఒక కంప్యూటర్‌లో దాన్నే పెట్టుకున్నాను. ఎక్స్‌రాండర్ పంక్తులు తీసేసి మానిటర్లను కాన్ఫిగ్‌లోనే రాయాలి. వేలాండ్‌లో నేరుగా నడిచే ప్రోగ్రాముల విండోలను గుర్తుపట్టే నియమాల్లో క్లాస్ అనే గుర్తు బదులు యాప్ ఐడీ అనేది వాడాలి. స్వే తన సొంత కాన్ఫిగ్‌తో వస్తే మాత్రం హెచ్ కీ ఎడమ విండోకు తీసుకెళ్తుంది, అడ్డంగా చీల్చే పని బి కీకి మారుతుంది. కాబట్టి ముందుగా పాత ఫైలును కాపీ చేసుకుని, ఆ తరువాతే స్వే తెరవండి.