బోటు మీద లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, ఏడాదిన్నర వాడాక చెప్తున్నా

మాది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కట్టే మెకనైజ్డ్ బోటు. చెక్క బాడీ, బోటు నడిపే సరంగుతో కలిపి ఏడుగురు, ఒకసారి వేటకి దిగితే పది పన్నెండు రోజులు సముద్రం మీదే. సగం ట్రిప్పులు నేను కూడా వెళ్తాను. ఏడాదిన్నర కిందట పాత లెడ్ ట్యూబులర్ బ్యాటరీలు తీసేసి 12.8 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌వి రెండు పెట్టించాను, ఒక్కోటి 32 వేలు పడింది. అప్పట్నుంచి జెట్టీ మీద ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న, అన్నా అవి పేలిపోవా అని. ప్రతివాడికీ నిలబడి చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడే రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, బోటు ఉన్నోళ్ళు చివరిదాకా చదవండి.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి, ఇళ్ళల్లో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు, అది మనందరి బుర్రలో ఉండిపోయింది. దానికి తోడు మన హార్బర్‌లో 2023 నవంబరు 19 రాత్రి జరిగింది ఉంది కదా. అది బ్యాటరీ వల్ల కాదు, కానీ ఒక బోటు అంటుకుంటే పక్క బోటుకి, దాన్నుంచి ఇంకోదానికి పాకి నలభై దాకా బోట్లకి నిప్పు అంటుకోవటం, గ్యాస్ సిలిండర్లు ఒక్కొక్కటీ పేలటం చూశాక బోటు మీద కొత్త వస్తువు ఏది పెట్టాలన్నా చెయ్యి వణుకుతుంది. డీజిలు, నైలాన్ వలలు, సిలిండరు, చెక్క, అన్నీ ఒకచోటే ఉంటాయి. ఒడ్డు మీదైతే ఫైరింజను వస్తది. నలభై కిలోమీటర్లు లోపల ఉంటే ఎవరొస్తారు?

సరే, ముందు బ్యాటరీ సంగతి. లిథియం అంతా ఒకటే రకం కాదు. ఫోన్లలో, కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో వాడే నికెల్, కోబాల్ట్ రకాలు సుమారు 150 నుంచి 210 డిగ్రీల వేడికే అదుపు తప్పుతాయి, ఒకసారి మొదలైతే లోపలి పదార్థం నుంచే ఆక్సిజన్ వచ్చి మంటకి అందుతుంది, అందుకే అవి అంత ఉధృతంగా కాలతాయి. ఫాస్ఫేట్ రకం సుమారు 270 దాకా తట్టుకుంటుంది, ఫాస్ఫరస్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధం గట్టిది కాబట్టి ఆక్సిజన్ అంత తేలిగ్గా ఊడి రాదు. 1997లో అమెరికాలో గుడినఫ్ అనే శాస్త్రవేత్త గారి టీమ్ దీన్ని బయటపెట్టింది, ఆ పేపర్ మీద మొదటి పేరు అక్షయ పాఢి అని మన భారతీయుడిదే, ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

అయితే షాపువాళ్ళు "ఇది అస్సలు కాలదు సార్" అంటారు చూడండి, అది నమ్మొద్దు. లోపల ఉండే ఎలక్ట్రోలైట్ ద్రవం మండే ద్రవమే. బ్యాటరీ లోపలి సెల్ బాగా పాడైతే మంట రాకపోయినా తెల్లటి పొగ కక్కుద్ది, అందులో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా విషపు గ్యాసులు ఉంటాయి. ఆ పొగ మూసిన గదిలో నిండి ఎక్కడో నిప్పురవ్వ తగిలితే పేలుద్ది. నార్వేలో 2019 అక్టోబర్‌లో ఒక ఫెర్రీ బ్యాటరీ గదిలో మంట వచ్చింది, ఆర్పేశాం అనుకున్న మర్నాడు అక్కడే గ్యాస్ పేలింది. అది వేరే రకం లిథియమే కానీ మూసిన గదిలో గ్యాస్ సంగతి మాత్రం దీనికీ వర్తిస్తది. ఆ మాటకొస్తే పాత లెడ్ బ్యాటరీలు కూడా ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదుల్తాయి, గాలిలో 4 శాతం దాటితే అంటుకుంటది, వాటితో ఇన్నేళ్ళు ఇంజన్ రూములో బతికాం, దాని గురించి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయం. నాకు భయం పుట్టించింది బ్యాటరీ కాదు, దాని పైన బిగించిన బోల్టు.

కొన్న షాపువాళ్ళే మనిషిని పంపి ఫిట్టింగ్ చేయించారు. పాత బ్యాటరీలు ఉన్న చోటే ఇంజన్ రూములో పెట్టి, పాత వైర్లే తగిలించి, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి డైరెక్టుగా లైన్ ఇచ్చి గంటలో వెళ్ళిపోయాడు. మొదటి రెండు ట్రిప్పులు హాయిగా గడిచాయి, రాత్రంతా లైట్లు, జీపీఎస్, వీహెచ్ఎఫ్ రేడియో, బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే ట్రాన్స్‌పాండర్ అన్నీ నడిచినా వోల్టేజ్ దిగలేదు, మా కలాసీల ఫోన్లన్నీ ఫుల్లు. మూడో ట్రిప్పులో నాలుగో రోజు, రాత్రి లంగరేసి ఇంజన్ ఆపేసి పడుకున్నాం, తెల్లారగట్ల సరంగు ఇంజన్ వేశాడు, అరగంట అయిందో లేదో పైకి కేకేశాడు, "అన్నా, ఏదో వైరు కాల్తన్న వాసన వస్తంది, బేగి రా" అని.

దిగి టార్చి వేసి చూస్తే బ్యాటరీలు మామూలుగానే ఉన్నాయి. ఫోనులో బ్యాటరీ యాప్ తెరిస్తే నాలుగు సెల్లులూ 3.37, 3.37, 3.38, 3.36 వోల్టులు, టెంపరేచర్ 41. అంటే లోపల అంతా ప్రశాంతం. కానీ ప్లస్ టెర్మినల్ దగ్గర, వైరు చివర బోల్టుకి బిగించే లగ్గు మీద ఎర్ర స్లీవు గోధుమ రంగుకి మారి, నూనెలో వేగిన అప్పడంలా బుడగలు తేలింది. కింద రాగి నల్లబడింది. వాసన అక్కడి నుంచే. దాని పక్కనే, జానెడు దూరంలో, ఇంజన్ నుంచి కారిన డీజిలు తుడిచిన గుడ్డ వేలాడుతోంది. ఆ గుడ్డని నేను ఇప్పటికీ మర్చిపోలేను.

ఇంజన్ ఆపమన్నా ముందు. ఇది గుర్తుపెట్టుకోండి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మెయిన్ స్విచ్ తీసేస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. ఇంజన్ ఆగాక స్విచ్ తీసి, చల్లారాక బోల్టు విప్పితే తెలిసింది. టెర్మినల్‌కీ లగ్గుకీ మధ్యలో స్టీలు వాషర్ పెట్టాడు ఆ మనిషి. లగ్గు నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి, వాషర్లు దాని పైనే రావాలి. స్టీలుకి కరెంటు మోసే గుణం రాగితో పోలిస్తే చాలా తక్కువ, మధ్యలో అది ఉంటే కరెంటంతా దాంట్లోంచి పోవాలి, అక్కడే వేడెక్కుద్ది. పైగా ఉప్పుగాలికి రెండు ట్రిప్పులకే పచ్చ చిలుము పట్టేసింది, బోల్టు కూడా చేత్తో తిరిగేంత వదులు.

మరి ఇదే తప్పు పాత లెడ్ బ్యాటరీతో ఎందుకు బయటపడలేదు అంటే, లెడ్ బ్యాటరీ ఛార్జింగ్ మెల్లగా తీసుకుంటది, కాసేపటికే కరెంటు తగ్గిపోద్ది. ఫాస్ఫేట్ అలా కాదు, ఎంత ఇస్తే అంత తాగేస్తది, నిండే దాకా తగ్గదు. మా ఆల్టర్నేటర్ ఇవ్వగలిగింది 70 ఆంపియర్లు, రాత్రంతా వాడి ఖాళీ అయిన బ్యాటరీలు పొద్దున్నే ఆ 70 మొత్తాన్నీ లాగుతూనే ఉన్నాయి. లగ్గే కాదు, ఆల్టర్నేటర్ కూడా వార్నిష్ వాసన కొట్టింది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఫ్యాను సరిగ్గా తిరగదు, అప్పుడు ఇంకా ప్రమాదం.

ఇక్కడ ఇంకో మాట. చాలామంది ఫ్యూజు ఉంది కదా, లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూట్, బీఎంఎస్ ఉంది కదా అంటారు. 70 ఆంపియర్లు మామూలు కరెంటే, దానికి 150 ఆంపియర్ల ఫ్యూజు ఎందుకు కొట్టుకుపోద్ది? బీఎంఎస్ సెల్లుల్ని చూసుకుంటది, వోల్టేజ్ ఎక్కువైతే, మరీ దిగిపోతే, సెల్లు వేడెక్కితే కట్ చేస్తది. బయట లగ్గు ఎర్రగా కాలినా దానికి తెలీదు. వదులు జాయింటుని కాపాడేది స్పానరు పట్టుకున్న చెయ్యి ఒక్కటే.

షాపుకి ఫోన్ చేస్తే "బ్యాటరీ బాగానే ఉంది కదా సార్" అన్నారు. బాగానే ఉంది, నిజమే. బోటు పోయుంటే అప్పుడు కూడా బ్యాటరీ బాగానే ఉందని చెప్పేవాళ్ళేమో. ఏడుగురి ప్రాణాలు, వాళ్ళ ఇళ్ళల్లో ఎదురుచూసే పిల్లలు గుర్తొచ్చి ఆ రోజు చాలా కోపమొచ్చింది నాకు.

తర్వాత బోట్ల పని తెలిసిన వేరే ఎలక్ట్రీషియన్‌తో మొత్తం మళ్ళీ చేయించాను, ఇంకో 28 వేలు అయింది, ఒక్క రూపాయికి కూడా బాధపడట్లేదు. ఆల్టర్నేటర్‌కి ఇంజన్ స్టార్ట్ చేసే పాత లెడ్ స్టార్టర్ బ్యాటరీనే తగిలించి ఉంచి, దాన్నుంచి 30 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ ద్వారా లిథియంకి ఇచ్చాం. ఇప్పుడు అది 30కి మించి లాగలేదు, ఎప్పుడైనా బీఎంఎస్ ఠక్కున కట్ చేసినా ఆల్టర్నేటర్‌కి దెబ్బ తగలదు, అటు స్టార్టర్ బ్యాటరీ ఉంది కాబట్టి. మెల్లగా ఎక్కుద్ది, ఇంజన్ ఎక్కువసేపు నడిచే మనలాంటి బోట్లకి అది లెక్కలోకి రాదు. వైరు టిన్ను పూత ఉన్న రాగిది, లావుది వేశాం, లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాం, సుత్తితో కొట్టినవి కాదు.

ఫ్యూజు దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఈ బ్యాటరీలో లోపలి నిరోధం చాలా తక్కువ, షార్ట్ అయితే ఒక్క క్షణంలో వేల ఆంపియర్లు దూకుతాయి. మామూలు స్ట్రిప్ ఫ్యూజు కరిగినా మధ్యలో మెరుపు నిలబడి కరెంటు పోతూనే ఉండొచ్చు. క్లాస్ టీ అని ఒక రకం ఉంది, 20 వేల ఆంపియర్ల దాకా తెంపగలదు. ఇక్కడ షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాం, పద్దెనిమిది రోజులు పట్టింది, అన్ని రోజులూ పాత లెడ్‌తోనే నడిపాం. అమెరికాలో బోట్ల వైరింగ్ రూల్స్ ప్రకారం ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్‌కి 7 అంగుళాల లోపు ఉండాలి, అంటే జానెడు లోపే. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరు ముక్కని ఏ ఫ్యూజూ కాపాడలేదు కదా, అందుకని.

ఇంజన్ రూము నుంచి కూడా తీసేశాం. అక్కడ ఎండాకాలం 50 డిగ్రీలు దాటుద్ది, ఆ వేడిలో ఛార్జింగ్ ఈ బ్యాటరీలకి మంచిది కాదు. సరంగు బోటు నడిపే వీల్‌హౌస్‌లో పడుకునే బల్ల కింద పెడదామని మా తమ్ముడు అన్నాడు, నేను వద్దన్నా. నిద్రపోతున్న మనిషి ముక్కు కింద ఆ పొగ రాకూడదు. వీల్‌హౌస్ వెనక డెక్కు మీద పెట్టె కట్టించి, పైనా కిందా గాలి పోయేలా, కెరటం నీళ్ళు కొట్టకుండా తలుపు పెట్టించాం. వంట గ్యాస్ సిలిండరు ఆ చివర, ఇది ఈ చివర.

ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో మా వాళ్ళందరికీ జెట్టీ మీదే చెప్పి పెట్టాను. తెల్ల పొగ వస్తే ఆవిరి అనుకుని వంగి చూడొద్దు, బీడీ, పొయ్యి వెంటనే ఆపాలి, ఇంజన్ ఆపాలి, మెయిన్ స్విచ్ తీయాలి, పొగ మన మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడాలి. మంటలార్పే పౌడర్ సిలిండరు మంటని పడగొడుద్ది కానీ లోపల వేడి తగ్గించదు, మళ్ళీ అంటుకుంటది, కాబట్టి నీళ్ళు కొడుతూనే ఉండాలి, చాలాసేపు. సముద్రం నీళ్ళే ఉంటాయి మనకి, ఉప్పునీళ్ళు షార్ట్ చేసే మాట నిజమే, కానీ ఆ టైములో చల్లార్చటమే ముఖ్యం.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. ఐఈసీ 62619 అనే భద్రతా టెస్టు సర్టిఫికెట్ చూపించమనండి, యూఎన్ 38.3 ఒక్కటే చూపిస్తే అది రవాణాకి సంబంధించింది మాత్రమే. పాత స్కూటర్ ప్యాకుల నుంచి సెల్లులు పీకి కట్టినవి సగం రేటుకి వస్తున్నాయి, వాటి జోలికి పోవద్దు. ఒడ్డున ఛార్జింగ్ పెట్టేటప్పుడు లెడ్ ఛార్జర్ వాడకండి, కొన్నిట్లో వోల్టేజ్ 15 దాటించే మోడ్ ఉంటది, ఈ బ్యాటరీకి పైహద్దు 14.6. వేట నిషేధం 61 రోజులూ లెడ్‌ని అయితే ఫుల్లుగా పెట్టాలి, దీన్ని సగం ఛార్జ్‌లో వైర్లు విప్పేసి ఉంచాలి.

బరువు తేడా చెప్పనే లేదు, పాతవి ఒక్కోటి ఇద్దరు మోసేవాళ్ళు, ఇది పన్నెండు కిలోలు, ఒక చేత్తో తీసుకెళ్ళిపోవచ్చు.

బ్యాటరీకి ఐదుకి నాలుగున్నర ఇస్తా. షాపు ఫిట్టింగ్‌కి ఒకటి. మొన్న జూన్ 14తో నిషేధం అయ్యాక దిగేముందు టెర్మినళ్ళన్నీ నేనే చూశాను, ఒక మైనస్ బోల్టు పావు చుట్టు తిరిగింది. బిగించి, పక్కన పెయింటుతో గీత గీశాను, ఈసారి కదిలితే సరంగుకి కూడా కనపడుద్ది.