ముందు సీటు కొంటే ఆఖర్న దిగాం: ఎనిమిదేళ్లుగా చవక విమానాలు ఎక్కుతున్న అనుభవం

హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలు రాజమండ్రి దగ్గర పల్లెలో. ఎనిమిదేళ్లుగా ఏడాదికి ఏడెనిమిదిసార్లు శంషాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడికి వెళ్లి వస్తున్నాను, మధ్యలో ఆఫీసు పని మీద ఢిల్లీ కూడా. ఎక్కినవన్నీ చవక విమానాలే. ఏ కంపెనీ పేరూ రాయడం లేదు, ఎందుకంటే నేను ఎక్కిన వాటిలో ఈ విషయాల్లో పెద్ద తేడా ఏమీ కనపడలేదు. ఐదుకు ఎన్ని మార్కులంటే సమయానికి చేర్చడంలో నాలుగు, అదనపు చార్జీల విషయంలో రెండు, డబ్బు కట్టి అందరికంటే ముందు విమానం ఎక్కే ప్రయారిటీ బోర్డింగ్‌కి ఒక్కటి ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ముందు లగేజీ. కౌంటర్‌లో అప్పగించే చెకిన్ లగేజీకి 15 కిలోలు, చేతిలో 7 కిలోలు, ఇది అందరికీ తెలిసిన లెక్కే. ఈ లెక్క మీద నాకు ఫిర్యాదు లేదు, నిజం చెప్పాలంటే న్యాయంగానే ఉంది. బరువు ఎక్కువ మోయించేవాళ్లు ఎక్కువ కట్టాలి, భుజానికి ఒక్క సంచి తగిలించుకుని వెళ్లేవాళ్ల టికెట్‌లో నా ఆవకాయ ఖర్చు కలవకూడదు. ఇబ్బంది అంతా కౌంటర్ దగ్గరికి వెళ్లాక తెలిసే సంగతులతోనే. ఒక వేసవిలో అమ్మ ఆవకాయ, మాగాయ, కొత్త బియ్యం పెట్టి పంపింది, తూకంలో 18 కిలోలు వచ్చింది. పక్కనే తమ్ముడు, వాడి సూట్‌కేస్ తొమ్మిది కిలోలే. ఇద్దరిదీ కలిపి చూడండి అంటే, టికెట్లు వేరువేరుగా బుక్ చేశారు మేడమ్, ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు అయితే కలిపేవాళ్లం అన్నారు. కిలోకి 550 చొప్పున 1,650 కట్టాను. అదే బరువు ముందురోజు యాప్‌లో కొనుక్కుంటే చాలా తక్కువలో పోయేది. అప్పటినుంచి ఇంట్లో ఎవరితో వెళ్లినా ఒకే పీఎన్ఆర్, బయల్దేరే ముందు స్ప్రింగ్ కాటాతో తూకం.

2021 ఫిబ్రవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెకిన్ లగేజీ లేని టికెట్లు తగ్గింపు ధరకి అమ్ముకోవచ్చని అనుమతి ఇచ్చింది. వెళ్లేటప్పుడు నాకది బాగా పనికొస్తుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు మాత్రం కుదరదు. పచ్చడి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు, నూనె ఉంటుంది కదా. ఎండు కొబ్బరితో ఇంకో తిరకాసు, చెకిన్ సంచిలో పెట్టకూడదు, అందులో నూనె వల్ల వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని తీయిస్తారు. పూతరేకులు ఒక్కటే ఏ గొడవా లేకుండా చేతిలో వచ్చేస్తాయి, నలగకుండా పైన పెట్టుకోవాలి అంతే.

చేతి సంచి 7 కిలోల రూలు మాత్రం ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. నా లాప్‌టాప్ బ్యాగ్ కూడా తూకం మీద పెట్టించిన రోజునే, నా ముందు రెండు సంచులతో ఒకాయన దర్జాగా వెళ్లిపోయాడు. రూలు కఠినంగా ఉన్నా భరిస్తాను, మనిషిని బట్టి మారితేనే మనసుకి కష్టంగా ఉంటుంది.

బిల్లులో ఉండే చిన్న చిన్న పద్దులు చూశారా? ఆన్‌లైన్‌లో కట్టినందుకు వేసే కన్వీనియన్స్ ఫీజు టికెట్‌కి ఒకసారి కాదు, మనిషికి, ప్రతి ప్రయాణానికి వేస్తారు. నలుగురం వెళ్లి వస్తే ఎనిమిదిసార్లు. టికెట్ రద్దు చేసుకుంటే అది తిరిగి రాదు. ఒక్కసారి కార్డుతో కట్టడానికి ఎనిమిది ఫీజులు ఎందుకో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు. క్యూట్ చార్జీ అని ఇంకోటి ఉంటుంది, అది చెకిన్ కౌంటర్ దగ్గర విమాన సంస్థలన్నీ కలిసి వాడుకునే కంప్యూటర్లు, పరికరాల ఖర్చు. ఆ పరికరాలు లేకుండా నేను విమానం ఎక్కలేను కదా, మరి అది టికెట్ ధరలోనే ఉండాలి.

ఇక సీట్లు. ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వెబ్ చెకిన్ చేయమని మెసేజ్ వస్తుంది, తెరిచి చూస్తే దాదాపు ప్రతి సీటు మీదా ఒక ధర. ఎంచుకోకుండా ముందుకు వెళ్లే దారి ఉంటుంది, కాకపోతే అది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో. మొదటి రెండేళ్లు సీటు కొనడం తప్పనిసరి అనుకుని కట్టాను, ఆ డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ బాధే. 2018 నవంబరులో ఈ వెబ్ చెకిన్ సీట్ల డబ్బు మీద దేశమంతా గోల అయింది, పరిశీలిస్తాం అని ప్రభుత్వం చెప్పింది, పద్ధతి మాత్రం అలాగే సాగింది. 2022 జూలైలో ఒక మంచి పని జరిగింది. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి విడిగా డబ్బు తీసుకోకూడదని విమానయాన శాఖ స్పష్టంగా చెప్పింది. అంటే సీటు ఎంచుకోకుండా వెళ్లినా కౌంటర్‌లో ఉచితంగానే ఇస్తారు. మధ్య సీటు వస్తుంది, గంట ప్రయాణానికి అదేం పెద్ద సంగతి కాదు.

పిల్లలతో అయితే కథ వేరు. ఒకసారి అక్క, ఆరేళ్ల మేనకోడలు, నేను వస్తుంటే మా ముగ్గురికీ మూడు వరుసల్లో సీట్లు వేశారు. ఆరేళ్ల పిల్లని ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య కూర్చోబెడతారా? ఒక పెద్దాయన లేచి తన సీటు ఇచ్చారు కాబట్టి సరిపోయింది. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఆదేశం వచ్చింది, ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే 12 ఏళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రుల్లోనో వెంట ఉన్న పెద్దవాళ్లలోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని. ఆ తర్వాత కౌంటర్‌లో ఆ మాట అడిగితే ఎదురు చెప్పకుండా కలిపి ఇచ్చారు. కానీ మనం అడగాలి.

ఇప్పుడు అమ్మ సంగతి. మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. త్వరగా దిగొచ్చు కదా అని అదనంగా కట్టి రెండో వరుసలో సీట్లు కొన్నాను. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఎక్కువగా ఏటీఆర్ విమానాలే నడుస్తాయి, ఆ రెక్కలకి ఫ్యాన్లు ఉండే చిన్న విమానం. దాంట్లో ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది, ముందు భాగంలో లగేజీ పెడతారు. అన్నిసార్లు ఎక్కిన నాకే సీటు కొనేటప్పుడు ఆ ఆలోచన రాలేదు. అమ్మ ఆ ఇరుకు దారిలో సీట్లు పట్టుకుంటూ చివరి నుంచి ముందు దాకా నడిచింది, దిగేటప్పుడు అందరూ దిగేదాకా కూర్చుని మళ్లీ అంత దూరం వెనక్కి నడిచింది. ఎందుకమ్మా ఇంత డబ్బు పోసి ఇక్కడ కొన్నావు అని అమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. సీటు అమ్మేటప్పుడు, ఈ విమానానికి తలుపు వెనక ఉంది, ముందు కూర్చుంటే ఆఖర్న దిగుతారు అని ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది? ఏటీఆర్‌లో పెద్దవాళ్లకి చివరి వరుసలే మేలు, అవి చాలాసార్లు చవక కూడా. వీల్‌చైర్ అయితే బుక్ చేసేటప్పుడే అడగండి, నాకు ఎప్పుడూ దానికి డబ్బు తీసుకోలేదు.

ప్రయారిటీ బోర్డింగ్. మూడుసార్లు కొన్నాను, రెండుసార్లు ఈ రూట్‌లో, ఒకసారి ఢిల్లీకి. శంషాబాద్‌లో ఏటీఆర్ దూరంగా నిలబడి ఉంటుంది, బస్సులో తీసుకెళ్తారు. నన్ను ముందు పిలిచారు, ముందు బస్సెక్కాను, మిగతా అందరూ ఎక్కేదాకా అందులో పదిహేను నిమిషాలు నిలబడ్డాను. విమానం దగ్గర బస్సు తలుపు తెరవగానే ముందు దిగేది ఎవరు? ఆఖర్న ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు. నేను లోపలికి వెళ్లేసరికి సగం విమానం నిండింది. సరే, పైన సంచి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది అనుకుందామంటే, ఏటీఆర్‌లో పైన అరలు చిన్నవి, చక్రాల సంచిని మెట్ల దగ్గరే ట్యాగ్ కట్టి తీసుకున్నారు. ఇంక 400 రూపాయలు దేనికి కట్టినట్టు? మధురపూడిలో అయితే టెర్మినల్ నుంచి విమానానికి నడిచే వెళ్తాం, అక్కడ ముందు వెళ్లినవాళ్లు మెట్ల దగ్గర ఎండలో నిలబడతారు. ఢిల్లీకి పెద్ద విమానం, టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచే ఏరోబ్రిడ్జి నుంచి ఎక్కించారు, అక్కడ మాత్రం పనికొచ్చింది, నా సంచి నా సీటు పైన అరలోనే పెట్టుకున్నాను. అది కూడా ఎక్కేరోజు బస్సు అవుతుందో ఏరోబ్రిడ్జి అవుతుందో కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

డబ్బు పోతే పోయింది, నాకు కోపం వచ్చింది ఇంకో విషయానికి. ఒక రాత్రి విమానానికి గేటు దగ్గర ముందు ప్రయారిటీ కొన్నవాళ్లని పిలిచారు. చంటిబిడ్డతో ఒక అమ్మాయి, చేతికర్రతో ఒక ముసలాయన, ఆయన భార్య ముందుకు వెళ్తే, మీరు కాదు, ఇంకా పిలవలేదు అని పక్కన నిలబెట్టారు. నేను వెళ్లి అడిగాను, వీళ్లని ముందు పంపించాలి కదమ్మా అని. గేటు దగ్గర పనిచేసే అమ్మాయి, సిస్టమ్‌లో వరుస అలా ఉంది మేడమ్ అంది. ఆ పిల్లని తప్పుపట్టను, పైనుంచి చెప్పింది చేస్తుంది, అందరి తిట్లూ తినేది కూడా తనే. కానీ ముందు ఎక్కే అవసరం ఎవరికి ఉందో కళ్లకి కనిపిస్తూ ఉంటే, డబ్బు కట్టినవాళ్ల తర్వాత వాళ్లని పిలవడం ఏం పద్ధతి? ముందు వీల్‌చైర్ వాళ్లు, పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు వెళ్లాలి, ఆ తర్వాత ఎవరికైనా ఎంతకైనా అమ్ముకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు నుంచి నేను ప్రయారిటీ కొనలేదు.

ఆలస్యాల గురించి రెండు మాటలు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలు దాటి ఆలస్యమైనప్పుడు తినడానికి ఏదో ఒకటి ఇవ్వాలని నియమం. ఇచ్చారు, కానీ నలుగురం కలిసి కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగాక. ఇంకోసారి డబ్బు తిరిగి రాదన్న టికెట్ రద్దు చేసుకున్నాను. అలాంటి టికెట్‌కి కూడా ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయం వేసే యూజర్ ఫీజు వెనక్కి ఇవ్వాలి. మొదట ఏమీ రాదన్నారు. విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు పెట్టాక పది రోజుల్లో వచ్చింది. పెద్ద మొత్తం ఏమీ కాదు, అయినా వదల్లేదు.

వచ్చే నెల అమ్మని కంటి డాక్టర్‌కి చూపించడానికి తీసుకొస్తున్నాను. ఒకే పీఎన్ఆర్, చివరి నుంచి రెండో వరుస, వీల్‌చైర్ పెట్టాను, ఐదు కిలోలు అదనంగా యాప్‌లోనే కొన్నాను. ఎండు కొబ్బరి పెట్టొద్దని అమ్మకి ఇప్పటికే రెండుసార్లు చెప్పాను.